బైపీసీ అయ్యాక వెటర్నరీకి పోవాలా, పశువులతో ముడిపడ్డ ఇంకో దారి చూడాలా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: నర్సంపేట దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. ఇంట్లో రెండు బర్రెలు, నలభై గొర్లు. జంతువులంటే ప్రాణం. వెటర్నరీ సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ (ఇంకో ఏడాది ఎంట్రన్స్ కోచింగ్) తీసుకోవాలా, ఫిషరీసో జువాలజీయో చేరిపోవాలా, కుక్కల శిక్షణ నేర్చుకోవాలా? ఇంట్లోవాళ్లు "ఎంబీబీఎస్ రానోళ్లు చేసే కోర్సు అది" అంటున్నారు. తమ్ముడు పదో తరగతి, వాడిని పశుసంవర్థక డిప్లొమాలో వేయొచ్చా?

చెల్లె, మన దిక్కు పశువుల డాక్టరు అంటే బర్రెలు, ఆవులు, గొర్లు, మేకలు, కోళ్ల డాక్టరు. 2019 పశుగణనలో తెలంగాణ దాదాపు 1.9 కోట్ల గొర్లతో దేశంలో మొదటి స్థానంలో ఉంది. కుక్కలను, పిల్లులను చూసే క్లినిక్‌లు హనుమకొండ, కరీంనగర్ లాంటి చోట్ల పెరుగుతున్నాయి. అయినా సర్కారు కొలువైనా, డెయిరీ కొలువైనా పని ఎక్కువగా రైతు కొట్టంలోనే ఉంటుంది. జంతువుల మీద ప్రేమ ఎంత ఉన్నా, పేడలో నిలబడి, నెత్తురు, మాయ వాసన భరిస్తూ, జేబులో పైసల్లేని రైతుతో మాట్లాడుతూ ఆ ప్రేమను నిలుపుకోగలవా అన్నది చూసుకోవాలి. అది ఇంట్లో కూర్చొని ఆలోచిస్తే తేలే విషయం కాదు. అందుకే ర్యాంకుల లెక్క కంటే ముందు పని ఎట్లుంటుందో చెప్తా.

మండల పశువైద్యశాలలో పొద్దున వచ్చే కేసుల్లో పెద్ద భాగం కృత్రిమ గర్భధారణవే. బర్రె ఎదకు వచ్చిందని రైతు తోలుకొస్తాడు. ద్రవ నత్రజని క్యాన్‌లో మైనస్ 196 డిగ్రీల చలిలో ఉన్న సెమెన్ స్ట్రాను (వీర్యం నింపిన సన్నని గొట్టాన్ని) పట్టకారుతో తీసి, 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. తర్వాత తుడిచి, కొస కత్తిరించి, గన్‌లో పెట్టాలి. ఆ స్ట్రాలో ఉండేది పావు మిల్లీలీటరే. ఎడమ చెయ్యి భుజం దాకా పేడదారిలో పెట్టి గర్భకోశ కంఠాన్ని పట్టుకొని, కుడిచేత్తో గన్‌ను దాని మడతలు దాటించి, కంఠం దాటిన వెంటనే వీర్యం వదలాలి. ఇంకా లోపలికి తోస్తే ఒక కొమ్ములోనే పడుతుంది, బయటే వదిలితే వృథా. క్యాన్ మెడ దగ్గర స్ట్రాను ఎత్తిపట్టి నంబరు చదువుకుంటూ నిలబడితే అక్కడే సగం కణాలు చచ్చిపోతాయి. రైతేమో "సూది వేశారు, కట్టలేదు" అంటాడు. పొద్దున ఎదకు వచ్చినదాన్ని సాయంత్రం, సాయంత్రం వచ్చినదాన్ని తెల్లారి కట్టించాలన్న లెక్క ఉంది. కానీ బర్రెల్లో, ముఖ్యంగా ఎండాకాలంలో, మూగ ఎద ఎక్కువ. అరవదు, మానం నుంచి జిగురు తీగలు సరిగ్గా వేయదు, పాలు కాస్త తగ్గుతాయి అంతే. అది రైతు కంట పడదు. కాబట్టి నీ పనిలో సగం ఆ ఇంటి ఆడవాళ్లకు ఎద గుర్తులు ఓపిగ్గా చెప్పడం. పాలు పిండేది వాళ్లే, మార్పు ముందు తెలిసేదీ వాళ్లకే.

ఇంకో కేసు దగ్గర నుంచి చూపిస్తా. నిండు చూడి బర్రె రాత్రి నుంచి నొప్పులు తీస్తోంది, ఉమ్మనీటి సంచి కూడా కనపడటం లేదని ఫోను వస్తుంది. చెయ్యి పెట్టి చూస్తే యోని దారి తిన్నగా పోకుండా తాడు పేనినట్టు మెలి తిరిగి ఉంటుంది. గర్భసంచి మెలి పడింది. ఆవుల కంటే బర్రెల్లో ఇది ఎక్కువ, అందులోనూ కుడివైపు మెలే ఎక్కువగా కనపడుతుంది. అప్పుడు బర్రెను ఏ వైపు మెలి ఉందో ఆ వైపుకే పడుకోబెట్టాలి. ముందుకాళ్లు రెండు, వెనకకాళ్లు రెండు విడివిడిగా కట్టాలి. పది పన్నెండు అడుగుల పొడవు, జానెడు వెడల్పు ఉన్న చెక్కపలకను డొక్క మీద ఏటవాలుగా ఆనించి, కింది కొస నేలకు తగిలేట్టు పెట్టి, దాని మీద ఒక మనిషిని నిలబెట్టాలి. లోపల గర్భసంచి కదలకుండా ఆ బరువు ఆపుతుంది. అప్పుడు కాళ్ల తాళ్లు లాగి బర్రె ఒంటిని మెలి ఉన్న దిక్కుకే మెల్లగా దొర్లించాలి. ఒంటిని దొర్లిస్తే సంచి తన చోటే ఉండి మెలి విడుతుంది. ప్రతి దొర్లింపు తర్వాత చెయ్యి పెట్టి చూసుకోవాలి. దిక్కు తప్పుగా పట్టుకుంటే మెలి ఇంకా బిగుస్తుంది. విడితే నీళ్లు బయటికి దూకుతాయి, దూడ కాళ్లు చేతికి అందుతాయి. విడకపోతే ఆపరేషన్ చేయాలి, అదీ ఆలస్యం కాకముందే. మెలి పడ్డ సంచికి నెత్తురు అందదు, గంటలు గడిచే కొద్దీ అది నల్లబడి, ఉబ్బి, కుట్టు నిలవకుండా పోతుంది. ఊళ్లో ఇద్దరు ముగ్గురు ముందే చెయ్యి పెట్టి లాగి ఉంటే పుండ్లు కూడా తోడవుతాయి.

ఇది చదివి కడుపులో తిప్పిందా, "తర్వాత ఏమవుతుంది" అనిపించిందా? రెండోదైతే మంచి గుర్తు. మొదటిదైనా కంగారు పడకు. అలవాటు పడేవి కొన్ని ఉంటాయి, పడలేనివి కొన్ని. వాసన, పేడ, నెత్తురు చాలామందికి మొదటి ఏడాదిలోనే అలవాటైపోతాయి. చాలామందిని లోపల తినేది డబ్బు లెక్క. నయమయ్యే రోగమే, కానీ మందుల ఖర్చు మేక ధరను దాటితే రైతు "అమ్మేస్తా" అంటాడు. అతనికి నలుగురు పిల్లలు, ఒక పంట. ఆ మాట అన్నందుకు అతన్ని తిట్టుకోకుండా, ఉన్న పైసల్లో ఏం చేయొచ్చో చెప్పగలగాలి. కబేళాలో మాంసం పరీక్ష, బీమా కోసం చచ్చిన పశువు పోస్టుమార్టం, బర్డ్‌ఫ్లూ వస్తే కోళ్లను చంపి పూడ్చే పని కూడా పశువైద్యుడివే. జంతువులకు హాని చూడలేనని ఈ కోర్సుకు వచ్చినవాళ్లకు ఇక్కడే దెబ్బ తగులుతుంది. ముందే తెలిసి వస్తే తట్టుకోవచ్చు.

గొర్ల సంగతి నీకు ఇంట్లోనే కనపడుతుంది కాబట్టి చెప్తున్నా. తొలకరి వానలకు లేత గడ్డి మొలుస్తుంది. రాత్రి బాగున్న గొర్రెపిల్ల, అదీ మందలో బలిసినది, పొద్దునకు చచ్చిపడి ఉంటుంది. గాలి సోకిందని, చేతబడి అని ఊళ్లో అంటారు. అది చిటుకు రోగం. పేగుల్లో మామూలుగానే ఉండే క్లాస్ట్రీడియం సూక్ష్మజీవి, లేత మేత ఒక్కసారిగా ఎక్కువ తిన్నప్పుడు విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. కోసి చూస్తే మూత్రపిండం మెత్తగా, గుజ్జులా ఉంటుంది. ఒకసారి మొదలయ్యాక మందుకు టైం ఉండదు. వానలకు ముందే టీకా వేయాలి, మొదటిసారి వేసే పిల్లలకు రెండు మూడు వారాల్లో బూస్టర్ వేయాలి, మందను ఒక్కసారిగా పచ్చిక మీదికి వదలకూడదు. మన దిక్కు ఇంకోటి, పాకాల లాంటి చెరువుల ఆయకట్టు కింద, వరి మడుల గట్ల మీద మేసే జీవాలకు కార్జపు జలగ, అంటే కాలేయంలో చేరే పురుగు. నత్తల ద్వారా వస్తుంది, దవడ కింద నీరు దిగుతుంది, మనిషి చూసేలోపే చిక్కిపోతుంది. ఇట్లాంటి కేసుల్లో డాక్టరు సూది కంటే, ఎప్పుడు ఏ టీకా వేయాలి, ఎక్కడ మేపాలి అన్న మాటే మందను కాపాడుతుంది. గుంపు మొత్తం ఆరోగ్యం గురించి ఆలోచించడం నీకు ఇష్టమైతే వెటర్నరీ నీకు బాగా సరిపోతుంది.

కాబట్టి సీటు గురించి ఆలోచించే ముందు ఒక పని చెయ్యి. ఇంటర్ పరీక్షలయ్యాక, ఎంట్రన్స్ చదువుకు మధ్యలో, 15 రోజులు పొద్దున పూట మీ మండల పశువైద్యశాలకు పో. డాక్టరును కలిసి, నాన్నతో కలిసి పోతే ఇంకా మంచిది, "చూసి నేర్చుకుంటా, ఏదీ ముట్టుకోను" అని అడుగు. చాలామంది ఒప్పుకుంటారు. ఒక నోట్‌బుక్కులో రోజూ నాలుగు విషయాలు రాయి: ఏ పశువు వచ్చింది, ఏం చేశారు, రైతు ఎంత ఖర్చు పెట్టాడు, నీకు ఆ గంట ఎట్లనిపించింది. టీకాల శిబిరం ఉంటే తప్పక పో. పొద్దున అయిదింటికి మంద దగ్గర మొదలై, టీకా సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఐస్ పెట్టెలో ఉంచుతూ, రెండు మూడు వందల జీవాలకు వరుసగా వేయడం చూస్తే పని అసలు రూపం తెలుస్తుంది. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్యశాల బండి మీ ఊరికి వచ్చినప్పుడూ దగ్గర నిలబడు. వరంగల్ మామునూరులో వెటర్నరీ కాలేజీ, కృషి విజ్ఞాన కేంద్రం రెండూ ఉన్నాయి, ఒక రోజు పోయి అక్కడ చదువుతున్న అమ్మాయిలతో మాట్లాడు. 15 రోజుల తర్వాత కూడా పదహారో రోజు పోవాలనిపిస్తే సగం తేలినట్టే.

ఆడపిల్లవు కాబట్టి ఒక మాట. "బర్రెను పట్టుకునే బలం ఉండాలి గదా" అని చుట్టాలు అంటారు. బలంతో బర్రెను ఎవరూ పట్టుకోలేరు, మగవాళ్లైనా. ట్రెవిస్ అనే ఇనుప పైపుల చట్రంలో నిలబెడతారు, లేదంటే తాడు కడతారు. 10 నుంచి 12 మీటర్ల తాడును కొమ్ముల మొదట కట్టి, మెడ చుట్టూ, ఛాతీ చుట్టూ, పొదుగు ముందు నడుం చుట్టూ మూడు మెలికలు వేసి వెనక్కి నెమ్మదిగా లాగితే ఎంత పెద్ద పశువైనా తనంతట తానే కూలబడుతుంది. అసలు కష్టం రాత్రి పూట దూరపు ఊళ్లకు పోవడం, రైతులు మొదట "డాక్టరు ఎక్కడమ్మా" అని నీ వెనక చూడటం. ఇప్పుడు క్లాసుల్లో అమ్మాయిలు చాలామందే ఉన్నారు, పనిచేసే చోట రెండు మూడు కేసులు చక్కగా చేస్తే ఊరే నిన్ను పిలుస్తుంది.

ఒంటి జాగ్రత్త కూడా ఇప్పుడే తెలుసుకో. ఈసుకుపోయిన పశువు మాయను గ్లౌజు లేకుండా తీస్తే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి మనిషికి అంటుకుంటుంది. నెలల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులు. దానికి మనుషులకు టీకా లేదు. రేబిస్‌కు ముందస్తు టీకా ఉంది: మొదటి రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు. కాలేజీలో చేరగానే వేయించుకోవాలి. నోట్లోంచి చొంగ కారుస్తూ, అరుస్తూ ఉన్న బర్రె గొంతులో ఏదో ఇరుక్కుందని చెయ్యి పెట్టినవాళ్లు తర్వాత అది పిచ్చికుక్క కరిచిన బర్రె అని తెలుసుకున్న సందర్భాలు పల్లెల్లో కొత్త కాదు.

ఇప్పుడు సీట్ల సంగతి. మన రాష్ట్రంలో వెటర్నరీ కోర్సు (బీవీఎస్సీ) పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కాలేజీల్లో ఉంది. రాష్ట్ర కోటా సీట్లు రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ విభాగం ర్యాంకుతో నింపుతారు. మూడు గంటల్లో 160 ప్రశ్నలు. బోటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పుకు మార్కు కోయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. ఇంటర్ మార్కుల వెయిటేజీ ఇప్పుడు లేదు. దేశంలోని వెటర్నరీ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటా. అవి నీట్ ర్యాంకుతో వస్తాయి. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, సగం బయాలజీ, తప్పుకు ఒక మార్కు పోతుంది.

ఇక్కడ పిల్లలు ఎక్కువగా పడే గుంటలు మూడున్నాయి. మొదటిది, ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెటర్నరీ కూడా వస్తుందని కూర్చోవడం. ఆ కౌన్సెలింగ్ బీఫార్మసీ, ఫార్మ్‌డీ, బయోటెక్నాలజీ లాంటి వాటికి. వ్యవసాయ, వెటర్నరీ సీట్లకు విశ్వవిద్యాలయాలు వేరే నోటిఫికేషన్ ఇస్తాయి, దానికి విడిగా దరఖాస్తు పెట్టాలి. గడువు దాటితే ఎంత మంచి ర్యాంకైనా పనికిరాదు. రెండోది, నీట్ రాసి మెడికల్ కౌన్సెలింగ్‌లో వెటర్నరీ కోసం వెతకడం. వెటర్నరీ ఆలిండియా సీట్లకు భారత పశువైద్య మండలి సొంతంగా రిజిస్ట్రేషన్, కౌన్సెలింగ్ పెడుతుంది. మూడోది, రైతుబిడ్డల కోటా కాగితాలు. నాన్న పేరు మీద పట్టాదారు పాస్‌పుస్తకం, నువ్వు పల్లె బడిలో చదివిన సంవత్సరాల స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. భూమి ఇంకా తాత పేరు మీదే ఉంటే ఇప్పటి నుంచే విరాసత్ (వారసుల పేరుకు మార్పించే) పని మొదలుపెట్టించు, కౌన్సెలింగ్ వారం ముందు ఏ తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినా పని కాదు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు కూడా అప్పుడే తీసి పెట్టుకో. ఆ ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండి ఉండాలన్న నిబంధన కూడా చూసుకో.

బయటి రాష్ట్రాల్లో ప్రైవేటు వెటర్నరీ కాలేజీలున్నాయి. ఏజెంట్లు వరంగల్‌లోనే ఆఫీసులు పెట్టి "సీటు గ్యారంటీ" అంటారు. ఆ కాలేజీ పట్టా 1984 భారత పశువైద్య మండలి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉందా లేదా అన్నది ఒక్కటే చూడు. లేకపోతే ఐదున్నరేళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ దొరకదు, రిజిస్ట్రేషన్ లేకపోతే చట్టప్రకారం వైద్యం చేసే హక్కే లేదు. అనుమతి "వస్తుంది" అన్న మాట నమ్మి లక్షలు కట్టొద్దు.

కోర్సు ఐదున్నరేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, పశుపోషణ. ఎక్కువమంది తడబడేది అనాటమీలోనే. ఎంబీబీఎస్‌లో ఒక్క మనిషి శరీరం, ఇక్కడ ఆవు, గుర్రం, కుక్క, పంది, కోడి, ఒక్కోదాని ఎముకలు, కండరాలు, కడుపులు వేరు. ఆవుకు నాలుగు గదుల కడుపు, గుర్రానికి ఒక్కటే గది, కోడికి కందనకాయ. తర్వాత సంవత్సరాల్లో పాథాలజీ, సూక్ష్మజీవులు, పరాన్నజీవులు, మందులు, పోషణ, జన్యుశాస్త్రం. మెడిసిన్, సర్జరీ, గైనకాలజీ చివర్లో వస్తాయి. హాజరు 75 శాతం లేకపోతే పరీక్ష రాయనివ్వరు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు మొదటి ఆరు నెలలు కష్టంగా ఉంటుంది. ముందే వైద్య పదాల పట్టిక ఒకటి రోజుకు పది చొప్పున నేర్చుకుంటే ఆ కష్టం సగానికి తగ్గుతుంది. ఇంట్లోవాళ్ల "ఎంబీబీఎస్ రానోళ్ల కోర్సు" అన్న మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

పట్టా తర్వాత ఏముంది? సర్కారులో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్, గెజిటెడ్ పోస్టు. కానీ ఇవి ఏటా రావు. 2022 చివర్లో టీఎస్‌పీఎస్సీ 185 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది, అట్లాంటిది ఇంకోటి ఎప్పుడొస్తుందో దాని మీదే కూర్చుంటే ఏళ్లు పోతాయి. ఆ మధ్య కాలంలో చాలామంది సంచార బండ్లలో, డెయిరీల్లో, కోళ్ల కంపెనీల్లో, టీకాల, మందుల కంపెనీల్లో పనిచేస్తారు. మన ప్రాంతంలో కరీంనగర్ డెయిరీ, భీమదేవరపల్లి మండలంలో ఆడవాళ్లే నడిపే ముల్కనూరు మహిళా డెయిరీ లాంటివి పాల రైతులతో నేరుగా పనిచేస్తాయి. పశువైద్య పట్టాతో బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్ర అధికారి పరీక్ష, ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్, ఆర్మీలో జంతువులను చూసుకునే రీమౌంట్ వెటర్నరీ కోర్ దారులూ ఉన్నాయి. పరిశోధన ఇష్టమైతే రెండేళ్ల ఎంవీఎస్సీ (వెటర్నరీ పీజీ), ఆ పైన హైదరాబాద్‌లోనే కోళ్ల పరిశోధన, మాంసం పరిశోధన, పశు బయోటెక్నాలజీ జాతీయ సంస్థలు ఉన్నాయి. సొంత క్లినిక్ పెట్టాలనుకునేవాళ్లకు ఒక్క మాట: పెంపుడు కుక్కల క్లినిక్‌లో మొదటి రెండేళ్లు అద్దె, ఎక్స్‌రే, రక్తపరీక్ష మిషన్ల ఖర్చు ఆదాయాన్ని మింగేస్తాయి. కొంతకాలం మంచి క్లినిక్‌లో చేతి కింద పనిచేసి ఆ తర్వాత పెట్టడం మేలు.

లాంగ్‌టర్మ్ తీసుకోవాలా? నా అభిప్రాయం ఇది. నీ ర్యాంకు వెనకటి ఏడాది నీ కేటగిరీ చివరి ర్యాంకుకు దగ్గరగా ఉండి, 15 రోజుల పరీక్షలో పని నీకు నచ్చి ఉంటే, ఒక్క ఏడాది తీసుకో. ఒక్కటే. దాంట్లో బయాలజీ మీద కాకుండా ఫిజిక్స్, కెమిస్ట్రీ మీద ఎక్కువ టైం పెట్టు. బైపీసీ పిల్లలకు బయాలజీ చాలావరకు వచ్చేస్తుంది, ర్యాంకు తేడా వచ్చేది ఆ 80 ప్రశ్నల్లోనే. ఆ ఏడాది చదువుతూనే మిగతా దారుల్లో ఒకదానికి కూడా దరఖాస్తు పెట్టి ఉంచు. రెండో లాంగ్‌టర్మ్ మాత్రం వద్దు. అప్పటికి తోటివాళ్లు సెకండియర్‌లో ఉంటారు, ఇంట్లో ఒత్తిడి పెరుగుతుంది, చదువు మీద మనసు నిలవదు.

మిగతా దారుల్లో ఫిషరీస్ గురించి మన దిక్కు పిల్లలు తక్కువ ఆలోచిస్తారు. నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) కాలేజీ వనపర్తి జిల్లా పెబ్బేరులో ఉంది, బైపీసీతోనే సీటు. చెరువుల్లో చేపపిల్లల ఉత్పత్తి, నీటి పరీక్ష, మేత లెక్క, వ్యాధులు చదువుతారు. పాకాల, రామప్ప, లక్నవరం, లోయర్ మానేరు ఉన్న ప్రాంతంలో ఇది ఎండిపోయే చదువు కాదు. పశువులను చేత్తో ముట్టుకునే పని ఇష్టం లేకపోయినా జీవాలతో బతకాలనుకునేవాళ్లకు బాగుంటుంది. కామారెడ్డి డెయిరీ టెక్నాలజీ బీటెక్‌కు ఎంపీసీ కావాలి. నీకు ఆ తలుపు మూసి ఉంది, అక్కడ టైం పెట్టకు.

అడవి జంతువులంటే ఇష్టమైతే జాగ్రత్తగా ఆలోచించు. జూ డాక్టరుకు, పులులకు మత్తు సూది వేసే డాక్టరుకు బీవీఎస్సీ పట్టానే కావాలి. జువాలజీతో అది రాదు. హంటర్ రోడ్డు కాకతీయ జూ చూసి "ఇక్కడ పనిచేయాలి" అనుకునేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి. జంతువుల ప్రవర్తన, వాటి లెక్కలు, ఆవాసాలు చదవాలంటే కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలో బీఎస్సీ జువాలజీ, ఆ తర్వాత ఎమ్మెస్సీ, డిగ్రీలో ప్రవేశం దోస్త్ అనే ఆన్‌లైన్ దరఖాస్తు ద్వారా. బీఎస్సీతోనే ఉద్యోగం అనుకోవద్దు. స్టాటిస్టిక్స్, జీపీఎస్ మ్యాపులు నేర్చుకొని, డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ లాంటి చోట ఎమ్మెస్సీకి గట్టిగా తయారైనవాళ్లే ముందుకు పోతారు. బీఎస్సీ ఫారెస్ట్రీ కాలేజీ సిద్దిపేట జిల్లా ములుగులో ఉంది. మన ములుగు జిల్లా కాదు, ప్రతి ఏడాది ఎవరో ఒకరు ఇక్కడ పొరబడతారు. ఇంటర్ అర్హతతోనే అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ కొలువుకు పోటీ పడొచ్చు. నడక పరీక్షలో మగవాళ్లకు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లకు 16 కిలోమీటర్లు. ఏటూరునాగారం, కవ్వాల్ లాంటి అడవుల్లో రోజూ జంతువుల దగ్గర ఉండేది నిజానికి వీళ్లే.

కుక్కల శిక్షణ గురించి అడిగావు. పోలీసు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్ అంటే ముందు కానిస్టేబుల్. ఆ పరీక్ష పాసై, తర్వాత మొయినాబాద్‌లో కుక్కతో కలిసి శిక్షణ తీసుకోవాలి. ప్రైవేటులో ట్రైనర్, గ్రూమర్ పనికి సర్కారు గుర్తించే డిగ్రీ ఏదీ లేదు, చేతి నైపుణ్యమే పెట్టుబడి. హైదరాబాద్‌లో గిరాకీ ఉంది, నర్సంపేటలో ఇంకా లేదు. నెల రోజుల కోర్సుకు పెద్ద ఫీజు అడిగేవాళ్ల దగ్గర డబ్బు కట్టే ముందు, వాళ్లు శిక్షణ ఇచ్చిన నాలుగు కుక్కలను వాటి ఇళ్లకు పోయి చూడు. కొట్టి నేర్పేవాళ్లైతే ఆ కుక్క చెయ్యి ఎత్తగానే ముడుచుకుంటుంది, అక్కడి నుంచి లేచి వచ్చెయ్యి.

ఇక మీ తమ్ముడు. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్థక డిప్లొమా ఉంది, పాలీసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) ర్యాంకుతో ప్రవేశం, మామునూరు, కరీంనగర్‌లలో పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. పల్లె పిల్లలకు తగిన కోర్సు, త్వరగా చేతికి పని వస్తుంది. కానీ దాంతో డాక్టరు కాలేడు. చట్టం ప్రకారం డిప్లొమా వాళ్లు రిజిస్టర్డ్ పశువైద్యుడి పర్యవేక్షణలో చిన్న వైద్యసేవలు మాత్రమే చేయొచ్చు. పుండు కట్టు కట్టడం, టీకాలు వేయడం, నట్టల మందు తాగించడం, కృత్రిమ గర్భధారణ లాంటివి. పల్లెల్లో కొందరు ఆ గీత దాటి ఎంత పెద్ద కేసైనా పట్టుకుంటారు. పాల జ్వరంతో కూలబడ్డ ఆవుకు కాల్షియం సీసాను నరంలోకి వేగంగా ఎక్కిస్తే గుండె ఆగి అక్కడే చనిపోతుంది. అదే 450 మిల్లీలీటర్లను ఒంటి వేడికి తెచ్చి, గుండె చప్పుడు వింటూ, పావుగంట ఇరవై నిమిషాలు పట్టేట్టు ఎక్కిస్తే చాలాసార్లు ఆవు కాసేపటికి లేచి నిలబడుతుంది. ఆ తేడా తెలిసినవాడి కింద పనిచేస్తే తమ్ముడికి మంచి భవిష్యత్తు ఉంటుంది. డిప్లొమాతో పశుసంవర్థక శాఖలో లైవ్‌స్టాక్ అసిస్టెంట్ లాంటి పోస్టులకు, డెయిరీల్లో పనికి పోవచ్చు. పదో తరగతి పాసై, పాల పశువులున్న ఊరిలోనే ఉండిపోవాలనుకుంటే గోపాలమిత్ర, మైత్రి లాంటి కృత్రిమ గర్భధారణ శిక్షణలూ ఉన్నాయి. అక్కడ ఆదాయం ఎన్ని పశువులు చూడి నిలిచాయన్న దాని మీద ఆధారపడుతుంది కాబట్టి స్ట్రా కరిగించే ఆ 30 సెకన్లు నిజాయితీగా లెక్కపెట్టేవాడే నిలబడతాడు.

వాడు తర్వాత నీలాగే డాక్టరు కావాలనుకుంటే మాత్రం డిప్లొమా వద్దు, ఇంటర్ బైపీసీలోనే చేర్పించు. బీవీఎస్సీకి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్‌తో ఇంటర్ ఉండాలి. డిప్లొమా పూర్తయ్యాక మళ్లీ ఇంటర్ చదవడమంటే రెండేళ్లు చుట్టు తిరిగినట్టు. నువ్వు మండల దవాఖానలో గడిపే ఆ 15 రోజుల్లో వాడిని ఒక ఆదివారం టీకాల శిబిరానికి తీసుకుపో. మంద మధ్యలో నిలబడి గొర్రెను పట్టుకునే తీరు చూస్తే వాడికి ఏది పనికొస్తుందో మీ ఇద్దరికీ అక్కడే తెలుస్తుంది.